తీగ లేని గోల

మా మేనత్త ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ చూసుకోదు, గోడలు చూస్తుంది. ఎక్కడ ప్లగ్గు ఉంది, ఎక్కడ డబ్బా వెలుగుతోంది, ఎవరి జేబులో ఫోను ఉంది. ఇంటివాళ్ళు మంచినీళ్ళు తెచ్చేలోపు రెండు ప్లగ్గులు పీకేసి ఉంటుంది. "ఏమనుకోకండి, కాసేపే" అంటుంది. అనుకోకుండా ఎలా ఉంటారు? మొహం మీద అనరు గానీ, మేం మెట్లు దిగుతుండగానే మొదలుపెడతారు. అత్తకి ఎడమచెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఆవిడ బతికిపోయింది. నాకు రెండు చెవులూ భేషుగ్గా పనిచేస్తాయి.

ఇంతకీ నేను చేసే పనేమిటో చెబితే మీరు నవ్వుతారు. ఇళ్ళకి ఇంటర్నెట్ పెట్టే పని. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళి, గోడకి వైఫై డబ్బా బిగించి, పచ్చదీపం వెలిగేదాకా నిలబడి వస్తాను. అంటే డబ్బాల తరంగాలే జబ్బులకి మూలమనే మా అత్త లెక్కలో ఊరంతటికీ విషం పంచేది నేనే. పోనీ నన్ను తిడుతుందా అంటే తిట్టదు. "నువ్వేం చేస్తావురా, కూటి కోసం కోటి విద్యలు" అని ఆవిడే నన్ను వెనకేసుకొస్తుంది. తిట్టినా బాగుండును. తిట్టేవాళ్ళతో పోట్లాడవచ్చు, జాలిపడేవాళ్ళతో ఏం పోట్లాడతాం?

మొదటి నుంచీ ఆవిడ ఇలాంటి మనిషే అయితే నాకింత బాధ లేకపోను. ఒకప్పుడు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నంబరు నొక్కగానే అవతలివాళ్ళు పలికే రోజులు కావవి. ఫోనెత్తితే ముందు ఒక ఆడగొంతు "నంబరు చెప్పండి" అనేది. ఆ గొంతు మా అత్తది. పొడుగాటి హాలు, గోడ పొడవునా చెక్క బోర్డులు, బోర్డు నిండా చిల్లులు, ఒక్కో చిల్లూ ఒక్కో ఇల్లు. ఎత్తు స్టూళ్ళ మీద వరసగా ఆడవాళ్ళు. దీపం వెలిగిన చిల్లులో ఒక తీగ గుచ్చి, అడిగిన ఇంటి చిల్లులో దాని జత గుచ్చితే ఇద్దరు మనుషులు కలిసినట్టు. తలమీదుగా ఇనప పట్టీ, ఎడమచెవికి అతుక్కుపోయిన హెడ్‌సెట్. కుడిచెవి ఖాళీ. అది సూపర్‌వైజరు తిట్లు వినడానికని అత్త అనేది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాన్న సరుకు లారీతో ఊళ్ళు తిరిగేవాడు, ఇంటికి చుట్టంలా వచ్చి వెళ్ళేవాడు. నాకు జ్వరం వస్తే అత్త నన్ను పనిలోకి తీసుకెళ్ళి బోర్డు కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. స్టూళ్ళ మీంచి వేలాడే కాళ్ళు, నెత్తిన "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అనే గొంతులు. ఆ గొంతుల్లో నిద్రపోయినంత హాయిగా నేను మళ్ళీ ఎక్కడా నిద్రపోలేదు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కారణం అడిగితే, "ఊళ్ళో సంబంధాలన్నీ కలిపింది నేనేనండీ. నా వంతు వచ్చేసరికి లైను బిజీ" అనేది. అడిగినవాళ్ళు నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఆవిడకి కావలసిందీ అదే.

ఆవిడ చెప్పే కథ ఒకటి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కొత్తగా చేరిన పిల్ల కథ. ఆ పిల్ల చెవిలో ఒకరోజు హఠాత్తుగా గరగరమని గోల మొదలైందట. పనిలో చేరేవాళ్ళకి అత్తే నేర్పిన సూత్రం ఒకటుంది: "లైన్లో గోల వస్తే కంగారుపడకు. ఒక్కో తీగా లాగి చూడు. ఏది లాగితే ఆగిందో దొంగ అక్కడే ఉన్నాడు." పిల్ల ఒకటి లాగింది, ఆగలేదు. ఇంకోటి లాగింది, ఆగలేదు. భయం పుట్టి బోర్డు మీదున్న తీగలన్నీ బరబరా పీకేసింది. సగం ఊరి మాటలు మధ్యలో తెగిపోయాయి. సరుకు బేరంలో ఉన్న వ్యాపారులు, పోట్లాటలో ఉన్న మొగుడూ పెళ్ళాలు, పురుడు కబురు చెబుతున్న తాతగారు, అందరూ ఎక్స్ఛేంజి మీద విరుచుకుపడ్డారు. పిల్ల బావురుమంది. అత్త తాపీగా వెళ్ళి, "అన్నీ లాగేశావా? ఇంకా ఆగలేదా? అయితే దొంగ నీ నెత్తిమీదే కూర్చున్నాడే పిచ్చిమొహమా!" అని, ఆ పిల్ల తల మీది హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. లోపం దాంట్లోనే ఉందట. ఇక్కడికొచ్చేసరికి అత్తకి నవ్వు ఆగేది కాదు, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

తర్వాత బోర్డులు పోయాయి, మిషన్లు వచ్చాయి, అత్తని కౌంటరులో కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయింది. నేను నెట్టు పనిలో చేరినప్పుడు తెగ మురిసిపోయింది. "మన వంశంలో తీగ తెగలేదురా" అంది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున వంటింట్లోంచి, "ఒరేయ్, కుక్కరు ఈల వేస్తూనే ఉంది, స్టవ్ కట్టెయ్యి" అని కేకేసింది. వెళ్ళి చూస్తే స్టవ్ మీద ఏమీ లేదు.

ఈల ఆగలేదు. సన్నగా, తెగకుండా, ఎడమచెవిలో. మరొకరైతే ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పోదురు. మా అత్త ఆపరేటరు. ఆవిడకి తెలిసిన లోకంలో గోల ఎక్కడి నుంచో వస్తుంది, తీగ లాగితే ఆగుతుంది. లాగడం మొదలుపెట్టింది. ముందు ఫ్రిజ్జు, పాలు విరిగాయి, ఈల ఆగలేదు. తర్వాత టీవీ, ఫ్యాను, మిక్సీ. చివరికి నేను ఎంతో ముచ్చటపడి హాల్లో బిగించుకున్న వైఫై డబ్బా. అది పీకగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఆగిందిరా! దొంగ దొరికాడు."

నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమే వేసింది. డబ్బా అటక మీద పెట్టేసి ఇల్లంతా నెట్టు తీగలు పరిచాను. మా ఆవిడ ఇంట్లోంచే ఒక బ్యాంకు కస్టమర్ల ఫోన్లు తీసుకునే ఉద్యోగం చేస్తుంది. ఆవిడకీ తీగ హెడ్‌సెట్ కొన్నాను. అత్త దాన్ని ముట్టుకుని చూసి, "నా బోర్డు నీకొచ్చిందమ్మాయ్. తీగ ఉంటే భయం లేదు" అంది. మా ఆవిడ తీగ కాలికి తగిలి పడబోయిన ప్రతిసారీ నన్ను ఓ చూపు చూసేది గానీ, అత్తను మాత్రం ఒక్క మాట అనలేదు.

కొన్నాళ్ళకి ఈల మళ్ళీ వచ్చింది. అసలు పోయిందో లేదో కూడా నాకు తెలీదు. ఈసారి అత్త చూపు గోడలు దాటింది. ఫోన్ల వల్ల ఏమేం రోగాలొస్తాయో చెప్పే వీడియో ఎవరో ఆవిడకి చూపించారు. ఫోను ప్రమాదమని ఆవిడకి చెప్పింది కూడా ఫోనేనన్నమాట. ఇక పక్కింటి డబ్బా, పైవాటా వాళ్ళ డబ్బా, కింద దర్జీ కొట్లో పాటలు పాడే పెట్టె. ఒక్కో తలుపూ తట్టింది. దర్జీ మంచివాడు. "మీరు మెట్లు దిగుతున్న చప్పుడు వినపడగానే కట్టేస్తాను పిన్నిగారూ" అన్నాడు. పైవాటా టీచరు మాత్రం నన్ను పిలిచి, "మీ అత్తగారిని ఎవరికైనా చూపించండి" అని తన తల దగ్గర వేలు తిప్పింది. ఆ వేలు విరిచేద్దామన్నంత కోపం వచ్చింది. నవ్వి వచ్చేశాను. వాళ్ళింట్లో డబ్బా కూడా నేను బిగించిందే.

ఇక మిగిలింది ఎదురు మేడ మీద ఫోను టవరు. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి తరంగాలు కొలిచే మనిషి ఒకడు వచ్చాడు. చేతిలో మీటరు పట్టుకుని అత్త గదంతా తిప్పి, "ఉండాల్సిన హద్దు కంటే చాలా తక్కువగా ఉందమ్మా" అన్నాడు.

"ఆ హద్దు ఎవరు పెట్టారు నాయనా?" అంది అత్త.

"పెద్ద పెద్ద సైంటిస్టులండీ."

"వాళ్ళు నా చెవితో విన్నారా?"

అతను నా వంక చూశాడు. నేను కిటికీలోంచి టవరు వంక చూశాను. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి, "మా అమ్మ కూడా మోకాళ్ళ నొప్పికి నన్నే తిడుతుందండీ" అని చెప్పి పోయాడు.

అప్పటికి ఆవిడ నిద్ర పూర్తిగా పోయింది. తిండి తగ్గింది. జోకులు పోయాయి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నాకు పెద్ద కోరికలేం లేవురా. ఒక్క నిమిషం నిశ్శబ్దం కావాలి. ఎలా ఉంటుందో మర్చిపోయాను. అన్నీ ఒక్కసారి ఆపి చూపించు, చాలు" అంది. ఊరి నెట్టు ఆపడం నా చేతుల్లో పనా? ఆ చేతులనే పట్టుకుని ఆవిడ అడుగుతోంది.

బతిమాలి, బెదిరించి, చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించారు. వినపడితే చెయ్యెత్తమన్నారు. కుడిచెవికి అత్త టకటకా చెయ్యెత్తింది. ఎడమచెవి వంతు వచ్చాక చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. చప్పుళ్ళు వస్తున్నాయని నాకు అద్దం ఇవతల దీపాలు చెబుతున్నాయి. ఆవిడ ఎంతో శ్రద్ధగా, చెయ్యి సిద్ధంగా పెట్టుకుని, ఎదురుచూస్తూనే ఉంది.

డాక్టరమ్మ ఓపిక గల మనిషి. లోపలి నరం అరిగిపోయిందని, బయటి చప్పుడు అందకపోయేసరికి మెదడే ఆ ఖాళీలో ఈల పుట్టిస్తోందని చెప్పింది. "ఏం పనిచేసేవారమ్మా?" అని అడిగింది. అత్త నిటారుగా కూర్చుని చెప్పింది. పిడుగులు పడే రోజుల్లో లైన్లో ఠప్పుమని చెవిలో బాంబు పేలినట్టుండేదనీ, అయినా తాను ఏనాడూ లైను వదల్లేదనీ కూడా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది.

"వయసూ ఉంది. ఆ పని కూడా కారణం అయ్యుండొచ్చమ్మా. ఎడమచెవికే కదా పెట్టుకునేవారు?"

నెత్తిన ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ఆ చప్పుడు కూడా అత్తకి సగమే.

"ఆ పని నాకు అన్నం పెట్టింది" అంది అత్త. "వీణ్ణి పెంచింది. అన్నం పెట్టిన చెయ్యి చెవి కోస్తుందా? టవర్ల సంగతి చెప్పండి."

"వాటి మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరిగిందమ్మా. మామూలుగా మన చుట్టూ ఉండే తరంగాల వల్ల జబ్బు వస్తుందని గట్టి రుజువు దొరకలేదు. ఇంకా చూస్తూనే ఉన్నారు. కానీ మీ ఈల మాత్రం వాటి వల్ల కాదు."

అత్త అంతా వదిలేసి ఒక్క ముక్క పట్టుకుంది. బయటికి రాగానే, "విన్నావా? ఇంకా చూస్తూనే ఉన్నారట. లేనిదాన్ని ఎవడైనా వెతుకుతాడా?" అంది. ఏం చెప్పను? లేదని చెప్పడానికి కూడా వెతకాలి కదా అని నాకు ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. నా తెలివి ఎప్పుడూ అంతే, బస్సు వెళ్ళాక వస్తుంది.

దేవుడి వెటకారం ఇంకొకటుంది. వినికిడి మిషన్ పెట్టుకుంటే బయటి చప్పుళ్ళు అందుతాయి, ఈల కాస్త వెనక్కి తగ్గొచ్చు అంది డాక్టరమ్మ. తెచ్చాను. చిక్కుడుగింజంత ఉంది, ముద్దుగా. దాని పెట్టె మీద ఫోను బొమ్మ చూసి అత్త, "ఇదేమిటి?" అంది. ఫోనుతోనే చప్పుడు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, తీగ అక్కర్లేదు అని నోరు జారాను.

"అంటే టవరు తెచ్చి చెవిలోనే పాతుతావన్నమాట" అంది. దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచీ నాకొక అలవాటయింది. మా ఆవిడ పనిలో కూర్చునే ముందు వెళ్ళి ఆవిడ హెడ్‌సెట్ చప్పుడు తగ్గించి వస్తాను. "వినపడట్లేదండీ" అని ఆవిడ పెంచుకుంటుంది. నేను మళ్ళీ తగ్గిస్తాను. కారణం అడగదు, డాక్టరు చెప్పినప్పుడు తనూ పక్కనే ఉంది.

ఇంతలో గాలివాన వచ్చింది. ఊరు ఊరంతా తలకిందులయింది. స్తంభాలు విరిగాయి, కరెంటు పోయింది, మేం వేసిన తీగలు వీధుల్లో పడ్డాయి. ఎదురు మేడ కింద టవరుకి పెట్టిన జనరేటరు నీళ్ళలో మునిగింది. దాని బ్యాటరీలు ఒక రాత్రి లాగి, మర్నాడు మధ్యాహ్నానికి చేతులెత్తేశాయి. ఫోన్లలో సిగ్నలు లేదు. వాన వెలిసింది. జనమంతా మెట్ల మీదికి వచ్చి, చచ్చిన ఫోన్లు ఆకాశానికి చూపిస్తూ ప్రభుత్వాన్నీ, కంపెనీలనీ, అలవాటుగా నన్నూ తిడుతున్నారు.

లోపలికి వచ్చేసరికి అత్త స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, హాలు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. డ్యూటీకి వెళ్ళే రోజుల్లో అలా తయారయ్యేది.

"తలుపు వెయ్యరా" అంది. "ఒక్కొక్కటీ చెప్పు. ఫ్రిజ్జు?"

"ఆగిపోయింది అత్తా."

"పక్కిల్లు? పైవాటా?"

"ఎక్కడా కరెంటు లేదు."

"దర్జీ పెట్టె? అది బ్యాటరీతో పాడుతుంది."

దిగి వెళ్ళాను. దర్జీ మారుమాటాడకుండా పెట్టె వెనక మూత విప్పి బ్యాటరీలు తీసి నా చేతిలో పెట్టాడు. పైకి తెచ్చి అత్తకి చూపించాను.

"ఎదురు మేడ?"

"అదీ పోయింది. దాని దీపం కూడా లేదు, చూడు."

"నీ జేబులోది?"

నా ఫోను, మా ఆవిడ ఫోను రెండూ పూర్తిగా ఆపేశాను. గోడ గడియారం వంక చెయ్యి చూపింది. దానికి తీగా లేదు, తరంగమూ లేదు. అయినా కుర్చీ ఎక్కి దాని సెల్లు కూడా తీశాను. ముల్లు ఆగింది. అత్త నోట ఆ గొంతు ఎంతో కాలానికి విన్నాను. ఆపరేటరు గొంతు. తొందర లేదు, తడబాటు లేదు, ఒక లైను తర్వాత ఇంకో లైను.

"సరే. ఇక ఎవరూ మాట్లాడకండి" అని కళ్ళు మూసుకుంది.

ఇన్నేళ్ళూ నాదే నిజమని వాదించినవాణ్ణి. ఇళ్ళల్లో డబ్బా బిగిస్తూ, "ఏం కాదండీ, పిల్లలున్నా భయం లేదు" అని ఎంతమందికి చెప్పానో. అక్కడ గోడకి ఆనుకుని నిలబడి, నేను చెప్పిందంతా అబద్ధం కావాలని మొక్కుకున్నాను. డాక్టరమ్మ చదువు తప్పు కావాలి. మీటరు తప్పు కావాలి. నేను ఊరికి విషమే పంచానని తేలినా సరే, ఆ ఈల ఆగిపోవాలి. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. తనూ అదే కోరుకుంటోందని చూడకుండానే తెలిసింది. మెట్ల మీది జనం కూడా అప్పటికి లోపలికి వెళ్ళిపోయారు. పంచన నీటిచుక్కలు పడటం కూడా వినపడుతోంది, నాకు.

అత్త చాలాసేపు అలాగే కూర్చుంది. నుదుటి ముడి విడుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. విడలేదు. కళ్ళు తెరిచి, గది నాలుగు వైపులా ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకుంది. ఫ్రిజ్జు, గడియారం, బల్ల మీద దర్జీ బ్యాటరీలు, కిటికీలోంచి టవరు. ఇంకేదీ మిగల్లేదు.

"ఇంకేమైనా ఉందేమో చూడమంటావా అత్తా?" అన్నాను. నాకే నవ్వొచ్చే మాట.

"వద్దులే" అంది. "ఆ పిల్ల గుర్తుందిరా నీకు? తీగలన్నీ పీకేసిన పిల్ల."

ఆవిడ ఆ కథ చెబుతూ నవ్వకపోవడం అదే మొదలు. రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తింది. ఎడమచేత్తో చెవి దగ్గర, కుడిచేత్తో నడినెత్తిన, ఏళ్ళ తరబడి డ్యూటీ దిగేటప్పుడు తీసినట్టే, జుట్టు చెదరకుండా, అక్కడ లేని పట్టీని పట్టుకుని పైకి లేపింది. చేతులు ఒళ్ళోకి తెచ్చుకుని చూసుకుంది.

"ఇది ఎలా తియ్యాలిరా?" అని అడిగింది.

వెళ్ళి ఆవిడ కుడిపక్కన, వినపడే పక్కన, నేల మీద కూర్చున్నాను. ఆవిడ నా జవాబు కోసం చెవి ఒగ్గి ఎదురుచూస్తూనే ఉంది.